తెల్ల బురదలో దిగిన కర్రోడు

ఎండాకాలంలో బర్రెల బాధ మీకు తెలీదు. కూలర్ ముందు కూర్చుని కూడా ఉక్కపోత అని ఏడ్చే బ్యాచ్‌కి అస్సలు తెలీదు. బర్రె తోలు నల్లగా ఉంటది, మందంగా ఉంటది, చెమట పెద్దగా పట్టదు. ఎండ మొత్తం లోపలికే పోద్ది. దానికున్న ఒకే దారి బురద. ఒళ్ళంతా ముంచుకుని ముక్కు మాత్రం పైన పెట్టుకుని పడుకోవాలి. అదే దానికి ఏసీ, అదే దోమతెర.

ఆ సంవత్సరం కొండ కింద మందకి ఆ బురద కూడా లేదు. వాళ్ళ కుంట ఎండిపోయి, నేల పగిలి బీటలిచ్చింది. బర్రెలన్నీ కుంట గట్టున నిలబడి చెవులు ఊపుకుంటా ఈగల్ని తిట్టుకుంటున్నాయి.

మందకి పెద్ద బొల్లవ్వ. నుదుటి మీద తెల్ల మచ్చ, ఒక కొమ్ము సగం విరిగిపోయి ఉంటది. ఆ మందలో ఒక పద్ధతుంది. ఏ బురదలోకైనా ముందు బొల్లవ్వే దిగాలి. ముందు కాలు పెట్టి, నొక్కి, ముక్కుతో వాసన చూసి, "ఊఁ" అంటేనే మిగతావాళ్ళు దిగాలి. దిగాక ఎవరి చోటు వాళ్ళది. కుంటలో అన్నిటికన్నా లోతైన చోటు మాత్రం కర్రోడిది.

కర్రోడు కుర్ర దున్న. బొగ్గు లాగా ఉంటాడు, అందుకే ఆ పేరు. పోయిన వానాకాలం ఆ లోతు చోటు కోసం పెద్ద పెద్ద దున్నల్ని కొమ్ముల్తో నెట్టి గెలిచాడు. అప్పట్నుంచి వాడికి నేల మీద కాలు ఆగట్లేదు.

"అవ్వా, ఈ మందలో బురద గురించి నాకంటే ఎవడికి తెలుసు చెప్పు?" అనేవాడు.

"నీకు కుంట తెలుసురా. కుంటొకటే బురద కాదు," అనేది బొల్లవ్వ.

"బురదంటే బురదే అవ్వా. ఇరుక్కుంటే గట్టిగా తన్నుకుని లేవడమే. దానికి ఇంత సోది ఎందుకు?"

వాడి చెల్లెలు చుక్కి కిసుక్కున నవ్వేది. "లోతు చోటు రాజు గారు మాట్లాడుతున్నారు, అందరూ వినండి."

"కుళ్ళుకోవే. ఆ చోటు నీకు ఈ జన్మలో ఇవ్వను."

కొండకి అవతల మూసేసిన రాళ్ళ క్వారీ ఒకటుంది. అది నడిచినన్నాళ్ళు రాళ్ళు కోసిన నీళ్ళన్నీ ఒక పెద్ద గుంటలోకి వదిలారు. నీళ్ళతో పాటే పిండి లాంటి రాతి పొడి. అది సంవత్సరాల తరబడి పేరుకుని, తెల్లటి బురదైపోయింది. పైన ఎండకి పెచ్చు కట్టి అలికిన అరుగులా నున్నగా కనపడుద్ది. కింద ఏముందో ఎవడికీ తెలీదు. చుట్టూ ఒకప్పుడు ముళ్ళకంచె ఉండేది. సగం పడిపోయింది. పుర్రె బొమ్మ వేసిన బోర్డు ఒకటి వెల్లకిలా పడుంది.

గుంట మధ్యలో పనికిరాని బండరాళ్ళ కుప్ప. కుప్ప వెనక నిట్టనిలువుగా కోసిన రాతి గోడ. గోడ పైన పాత లారీల దారి. ఆ దారి మీద నుంచి చికెన్ షాపులోళ్ళు పొద్దున్నే కోడి చెత్త సంచులు కిందికి గిరాటేసేవాళ్ళు. అవి సరిగ్గా ఆ కుప్ప మీద పడేవి.

ఆ వాసన నక్కకి నిద్ర లేకుండా చేసింది.

నక్క ఊరికే ఆశపడలేదు, ముందే వెళ్ళి చూశాడు. పెచ్చు మీద ఒక కాలు పెట్టాడు. భుజం దాకా దిగిపోయింది. అరుస్తా, గింజుకుంటా, గట్టున ఉన్న కంచె తీగ నోటితో పట్టుకుని ఎలాగోలా బయటపడ్డాడు. మూతంతా గీరుకుపోయింది. అంటే ఆ బురద ఎలాంటిదో నక్కకి బాగా తెలుసు. తెలిసే కర్రోడి దగ్గరికి వచ్చాడు. అది గుర్తుపెట్టుకోండి.

గట్టు నుంచి కుప్ప దాకా ఒక్క దూకులో పోలేడు. మధ్యలో ఒక వీపు ఉంటే పోగలడు. మంచి వెడల్పాటి వీపు.

ఆ మధ్యాహ్నం బొల్లవ్వ, చుక్కి, మిగతావాళ్ళు బోరు దగ్గర తొట్లో నీళ్ళు తాగుతున్నారు. కర్రోడు ఒక్కడే తుమ్మచెట్టు కింద నిలబడి ఆయాసపడుతున్నాడు. వీపు మీద తెల్లక్క కూర్చుని ఈగలు ఏరుకుంటోంది. తెల్లక్క కొంగ. కర్రోడు దూడగా ఉన్నప్పట్నుంచీ దాని చోటు ఆ వీపే.

"ఏం అల్లుడూ, తోలు కాలిపోతన్నట్టుందే," అన్నాడు నక్క వచ్చి.

"నువ్వెందుకొచ్చావ్ మావా? ఇక్కడ కోళ్ళు లేవు."

"నిన్ను చూసి జాలేసి వచ్చానయ్యా. లోతు చోటు గెలిచిన మొనగాడివి, పొడి మట్టిలో నిలబడ్డావ్. అవతల క్వారీలో అంత బురద ఖాళీగా పడుంది. తెల్లగా, చల్లగా. ఒక్క బర్రె కూడా దిగలా. దిగినోడిదే మొదటి చోటు."

కర్రోడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "క్వారీ దగ్గరికి పోవద్దంది అవ్వ."

"ఎందుకంట?"

"అక్కడ కప్పలు అరవవంట. కప్పలు బతకని బురద మనది కాదంట."

నక్క పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే నీకు బురద కావాలా, కప్పల కచేరీ కావాలా? అవ్వ పెద్దదయ్యింది, కాళ్ళు నొప్పులు, అంత దూరం నడవలేక చెప్తంది. సరేలే, వద్దులే. నీకు భయమైతే నేనేం చెయ్యను."

అయిపోయింది. కుర్ర దున్నని భయమా అని అడిగితే ఇంకేముంది? కదిలాడు.

"అవ్వని ఒకమాట అడుగుదాం రా," అంది తెల్లక్క వీపు మీద నుంచి.

"అడిగితే రేపు చూద్దాం అంటది. నేను ముందు దిగి చూసి, సాయంత్రానికి అందర్నీ నేనే తీసుకెళ్తా. అప్పుడు చూడు చుక్కి మొహం."

చూశారా, వాడు ఒక్కడి కోసమే పోలేదు. మందంతటికీ బురద దొరికింది అని చెప్పాలని పోయాడు.

క్వారీ గుంట దగ్గరికి రాగానే తీతువు పిట్ట పైకి లేచింది. గట్టున గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టుకుని ఉంది.

"రావద్దు! రావద్దు! దిగితే లేవరు! నా కళ్ళ ముందు మేక పోయింది, కుక్క పోయింది! రావద్దు!"

కర్రోడు ఆగాడు. నక్క మెల్లగా అన్నాడు: "మొన్న ఇదే పిట్ట ఏమని అరిచింది అల్లుడూ?"

"పామంది."

"పాముందా?"

"లేదు."

"అటు మొన్న?"

"చిరుతపులంది." కర్రోడు నవ్వాడు. "పిన్నీ, నీ గుడ్లు తొక్కనులే. ఇటు పక్క నుంచి దిగుతా. ఆ అపశకునం గొంతు కాస్త ఆపు."

"గుడ్ల కోసం అబద్ధాలు ఆడాను, నిజమే! ఇది మాత్రం అబద్ధం కాదురా నాయనా!" అని తీతువు వాడి తల మీద గిరగిరా తిరిగింది. ఎవడు వింటాడు?

"నా మాటా నమ్మకు, దాని మాటా నమ్మకు," అన్నాడు నక్క. "నీ తెల్లక్కని అడుగు. చిన్నప్పట్నుంచి నీ వీపు మీద ఉంది కదా. ఒకసారి నడిచి చూడమను."

తెల్లక్క ఎగిరి పెచ్చు మీద వాలింది. పొడుగు కాళ్ళు, విప్పుకున్న వేళ్ళు. అటు నడిచింది, ఇటు నడిచింది. కుప్ప దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. గోరంత గుర్తు కూడా పడలేదు.

"ఎలా ఉందక్కా?"

"గట్టిగా బండలా ఉందిరా. దా."

దాన్లో మోసం లేదు. దాని కాళ్ళ కింద అది నిజంగా బండే.

కర్రోడు కాలు పెట్టాడు. ఆగింది. ఇంకో కాలు. ఆగింది. వెనక్కి తిరిగి నక్కకేసి చూసి కొమ్ములు ఎగరేశాడు. ఇంకొంచెం ముందుకెళ్ళాడు. అప్పుడు టప్‌మని పెచ్చు పగిలి మోకాళ్ళ దాకా దిగాడు.

"హబ్బా! చల్లగా ఉందక్కా! కుంట కంటే చల్లగా ఉంది!" అని అరిచాడు ఆనందంగా. పొట్ట బురదకి తగిలింది. వాడికి ఎన్నాళ్ళకో ప్రాణం లేచొచ్చింది. ఇంకొంచెం చల్లదనం కోసం ముందుకి తోసుకున్నాడు. పక్కలు మునిగాయి.

సరిగ్గా అప్పుడు నక్క గట్టు మీద నుంచి పరిగెత్తి వాడి వీపు మీదకి దూకి, అక్కణ్ణుంచి ఒక్క గెంతులో కుప్ప ఎక్కేశాడు.

"ఏంది మావా, ఎటు?"

"భోజనానికి అల్లుడూ!" అప్పటికే సంచి చింపుతున్నాడు.

"ఓరి నీ... దీనికోసమా!" కర్రోడు వెనక్కి తిరగబోయాడు. కాళ్ళు రాలేదు. కుంటలో చేసినట్టే గట్టిగా తన్నాడు. కుంటలో అయితే అడుగున బంకమట్టి కాలికి ఆనుద్ది. ఇక్కడ అడుగు లేదు. తన్నినప్పుడల్లా బురద నీళ్ళలా జారి, ఆపగానే సిమెంటులా బిగుసుకుంటోంది. ఇంకోసారి తన్నాడు. భుజాలు దిగాయి.

"అక్కా," అన్నాడు. "అక్కా, అవ్వని పిలువు."

బొల్లవ్వ రావడం నిజంగా పరుగే. ఆ కాళ్ళ నొప్పుల్తోనే. వెనకాల మందంతా. చుక్కి అన్నని చూడగానే నేరుగా బురదలోకి పోబోయింది. బొల్లవ్వ అడ్డమొచ్చి విరిగిన కొమ్ముతో దాన్ని పక్కకి నెట్టింది.

"ఎవ్వరూ దిగొద్దు."

"అవ్వా, వాడు మునిగిపోతన్నాడు!"

"నువ్వు దిగితే ఇద్దరు మునుగుతారు."

"నీ మనవడు కాదా వాడు? నీకేం రాయా?" చుక్కి ఏడుస్తా కొమ్ములు విసిరింది. బొల్లవ్వ మెడ మీద గీత పడింది. కదల్లేదు. గట్టుకి అడ్డంగా గోడలా నిలబడింది.

"రేయ్ కర్రోడా, ఇటు చూడు," అంది. "తన్నుకోవడం ఆపు. ఒక్క కాలు కూడా కదపకు. మెడ చాచి, దవడ బురద మీద ఆనించు. ఆఁ. అలాగే. మెల్లగా ఊపిరి తీసుకో."

వాడు చిన్న దూడలా చెప్పింది చెప్పినట్టు చేశాడు. దిగడం ఆగింది. జీవితంలో మొదటిసారి అవ్వ మాట విన్నాడు. పోవద్దన్న మాట కూడా ఒక గంట ముందు విని ఉంటే ఎంత బావుండేది.

"ఇది మన చేత కాదు. మనుషులు కావాలి. తాళ్ళు, చెక్కలు కావాలి," అంది బొల్లవ్వ. "ఎగిరేవాళ్ళు ఎగరండి."

తీతువు క్వారీ వాచ్‌మెన్ మస్తాన్ గుడిసె మీదకి పోయి గొంతు చించుకుంది. మస్తాన్ మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. "ఈ పిట్టకి రోజూ ఇదే గోల," అన్నాడు. రోజూ ఉత్తినే అరిచినందుకు తీతువు తన్ను తాను తిట్టుకుంటా ఇంకా అరిచింది. అతను చెవుల మీద దుప్పటి లాక్కున్నాడు.

తెల్లక్క మందని కాసే ఏడుకొండలు దగ్గరికి పోయింది. బోరు పక్కన ఇంకో తుమ్మచెట్టు నీడలో కునుకు తీస్తున్నాడు. అరిచి లాభం లేదని అర్థమై, మొహం మీద కప్పుకున్న తువ్వాలు ముక్కుతో లాగి ఎగిరింది. "ఏయ్ దొంగ కొంగా!" అని బూతులు తిట్టుకుంటా వెంటపడ్డాడు. తువ్వాలు బరువుకి కొంగ కింద పడుతూ లేస్తూ, అతన్ని క్వారీ దాకా లాక్కొచ్చింది.

వచ్చి చూసి ఏడుకొండలు ఏం చేశాడు? అందరూ చేసేదే చేశాడు. చెప్పులతోటే బురదలోకి దూకబోయాడు. ఒక్క అడుగుకి తొడ దాకా దిగింది. "అమ్మో!" అన్నాడు. బొల్లవ్వ గబుక్కున వెనక్కి తిరిగి తోక అందించింది. తోక పట్టుకుని, గట్టు మీద బోర్లా పడి, పాక్కుంటా బయటికొచ్చాడు. ఒక చెప్పు లోపలే పోయింది. అప్పుడు బుద్ధొచ్చి ఫోన్ తీశాడు.

జనం వచ్చారు. మస్తాన్ కూడా లేచొచ్చి నెత్తి కొట్టుకున్నాడు. చెక్కలు పరిచారు. చెక్కల మీద పడుకుని పాక్కుంటా పోయి కర్రోడి ఒంటికి తాళ్ళు కట్టారు. జేసీబీ వచ్చింది. గట్టు దగ్గరికి రాగానే గట్టే పగిలి జారింది. డ్రైవర్ వెనక్కి తీసేశాడు. మనుషులే లాగారు. కర్రోడు పెట్టిన అరుపుకి లాగేవాళ్ళే తాడు వదిలేశారు. బురద వాడి ఛాతీ చుట్టూ అంత గట్టిగా బిగుసుకుపోయింది.

ఎండ తగ్గింది. ఎంత బురద తవ్వి పక్కకేస్తే అంతా మళ్ళీ వచ్చి చేరుతోంది.

"అవ్వా," అన్నాడు కర్రోడు. మాట గాలిలా వస్తోంది. "ఇది బురద కాదవ్వా."

"కాదురా నాన్నా."

"నాకు తెలుసనుకున్నా."

"మాట్లాడకు. ఊపిరి దాచుకో."

"చుక్కీ, వానలొస్తే లోతు చోటు నువ్వు తీసుకో. ఇస్తున్నాలే."

"నాకొద్దు," అంది చుక్కి. "నువ్వొచ్చి నెట్టుకుని గెలువు. నాకు ఊరికే వద్దు."

వాడు నవ్వినట్టే ఉంది. తెల్లక్క చెక్క మీద వాడి తల పక్కన నిలబడి, కళ్ళ దగ్గర వాలిన ఈగల్ని ఒక్కొక్కటీ ఏరేస్తోంది. కాసేపటికి వాడు చెవులు ఊపడం మానేశాడు. అయినా అది ఏరుతూనే ఉంది. ఏడుకొండలే వచ్చి మెల్లగా దాన్ని పక్కకి తోశాడు.

మర్నాడు మధ్యాహ్నానికి వాడు మునిగిన చోట పైన మళ్ళీ పెచ్చు కట్టింది. నున్నగా, అరుగులా. ఏమీ జరగనట్టు.

నక్క సంగతా? కుప్ప మీదే ఉన్నాడు. తిన్నంతసేపూ తిన్నాడు, జనం ఉన్నంతసేపూ రాళ్ళ సందులో నక్కాడు, అందరూ పోయాక బయటికొచ్చి చూస్తే దాటడానికి వీపూ లేదు, పరిచిన చెక్కలూ లేవు. పర్లేదులే, పొద్దున్నే సంచులొస్తాయి కదా అనుకున్నాడు. రాలేదు. జరిగింది చూసి మస్తాన్ పైన లారీ దారికి అడ్డంగా బండలు దొర్లించాడు. కొత్త కంచె వేశాడు. బోర్డు లేపి నిలబెట్టాడు. చికెన్ షాపులోళ్ళు ఇంకెక్కడికో పోయారు.

ఉన్న సంచులు అయిపోయాయి. నక్క ఎముకలు నాకాడు. తర్వాత సంచులు నాకాడు. డొక్కలు బయటపడ్డాయి. అప్పుడు తెల్లక్క గట్టున ఒంటరిగా నిలబడుంటే పిలిచాడు.

"తెల్లక్కా, ఎక్కడ గట్టిగా ఉందో చెప్పమ్మా. నువ్వు నడిచావు కదా."

"నేను మళ్ళీ ఎవరికీ గట్టిగా ఉందని చెప్పను," అంది తెల్లక్క. "నన్ను మోసేది నిన్ను మొయ్యదు. దిగకు. మెత్తగా ఉంది. నీకది తెలుసు కూడా."

నక్క కళ్ళు చిన్నవయ్యాయి. 'ఓహో. నా మీద కోపం కదా దీనికి. నేను ఇక్కడే ఎండి చావాలని మెత్తగా ఉందని చెప్తంది. అంటే గట్టిగానే ఉందన్నమాట. ఇన్నాళ్ళ ఎండకి బాగా ఎండింది.'

తీతువు పైకి లేచింది. "దిగొద్దు! దిగొద్దు! మస్తాన్‌ని పిలుస్తా, ఈసారి లేస్తాడు! ఆగు!"

"గుడ్ల కోసం అరుస్తోంది," అన్నాడు నక్క, ఎవరూ వినకపోయినా. అలవాటైన మాట కదా. అన్నాడు, దూకాడు.

ఈసారి మస్తాన్ నిజంగానే పరిగెత్తుకొచ్చాడు, చేతిలో తాడుతో సహా. పెచ్చుకి పడ్డ చిన్న కన్నం ఒకటే కనపడింది. తీతువు గుడ్ల మీద కూర్చుని ఆ రోజంతా నోరెత్తలేదు. ఎవరికీ సంతోషం వెయ్యలేదు. నక్క పోతే కర్రోడు రాడు కదా.

తర్వాత వానలు పడ్డాయి. కుంట నిండింది. కప్పలు చెవులు చిల్లులు పడేలా అరిచాయి. బొల్లవ్వ ముందు కాలు పెట్టి, నొక్కి, వాసన చూసి, "ఊఁ" అంది. అందరూ దిగి ఎవరి చోట్లో వాళ్ళు పడుకున్నారు. లోతు చోటు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. చుక్కి దాని పక్కనే పడుకుంటది, దాంట్లో పడుకోదు. తెల్లక్క గట్టున నిలబడి చూస్తా ఉంటది. చుక్కి ఎన్నిసార్లు "రా అక్కా, నా వీపెక్కు" అన్నా ఎక్కదు.

ఎవడో నడిచాడు కదా అని క్వారీ బురదలో కాలు పెట్టకండి. అది మోసింది వాడి బరువుని, మీది కాదు.